పాలు పొంగిన బండి

పాలు పొంగించిన మర్నాడు తెల్లారేసరికి త్రివిక్రమరావు వ్యాను ఇల్లైపోయింది. దాంతో సోమయ్యపాలెంలో ఉన్న అతని సొంత ఇల్లు ఖాళీ స్థలమైపోయింది. ఇందులో వింతేమీ లేదు. ఒక ఇల్లాలికి ఒకటే ఇల్లు కదా, రెండెలా ఉంటాయి? మున్సిపల్ ఆఫీసులో ఇలాంటి వాటికోసం వేరే కిటికీ కూడా ఉంది. భోజనాల వేళ తప్ప ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

త్రివిక్రమరావు కరెంటు ఆఫీసులో ఏఈగా చేసి రిటైరయ్యాడు. ఇన్నాళ్ళూ ఊళ్ళకి దీపాలు వెలిగించాను, ఇక ఆ వెలుగులో ఊళ్ళు చూస్తానని ఒక వ్యాను కొన్నాడు. అందులో మంచం, పొయ్యి, కుళాయి, మూలకి బుల్లి బాత్‌రూమూ పెట్టించాడు. ఆర్నెల్లు తిరగడం, ఆర్నెల్లు ఇంటిపట్టున ఉండడం, ఇదీ అతని ప్లాను. భార్య హైమావతికి ప్లానంటూ ఏమీ లేదు గానీ కోరిక ఒకటుంది. చెట్టుకి వేలాడే యాపిల్ పండు చూడాలి, తన చేత్తో కోయాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంటికొచ్చిన చుట్టాలకీ, జ్వరం తగిలిన పిల్లలకీ, మంచాన పడ్డ మామగారికీ యాపిల్ పళ్ళు ముక్కలు కోసి పెట్టడమే తప్ప, అవి చెట్టుమీద ఎలా ఉంటాయో ఎరగదు. ఎప్పుడు బయల్దేరదామన్నా ఒకటే అడ్డం వచ్చేది. "ఇల్లెవరు చూస్తారు?" ఆ మాట మొదట్లో అత్తగారు అనేది. తర్వాత మొగుడు అనేవాడు. చివరికి ఎవరూ అడక్కుండానే హైమావతే అనేసుకునేది.

ఈసారి ఏదైతే అదే అయిందని బయల్దేరారు. బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ సాగనంపడానికి ఆడపడుచు భ్రమరాంబ వచ్చింది. ఆవిడ ఊరుకునే రకం కాదు.

"అందులోనే వండుకుంటారు, తింటారు, పడుకుంటారు. అది కాపురం కాదుటే? పాలు పొంగించకుండా కొత్తచోట కాపురం పెడతారా ఎక్కడైనా?" అంది.

"బండే కదా వదినగారూ."

"బండైతే ఏం? గుమ్మం ఉందా లేదా?"

గుమ్మం ఉంది. దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. బుల్లి పొయ్యి మీద కొత్త గిన్నె పెట్టి హైమావతి పాలు పొంగించింది. పొంగు తూర్పు వైపే పడిందని అందరూ సంతోషించారు. బండికి బండి పూజ, ఇంటికి గృహప్రవేశం, రెండూ కలిపి ఒకదానికే చేసేవాళ్ళు భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే అది మనవాళ్ళే.

ఆ రాత్రికి తుని దాటాక ఒక పెట్రోలు బంకు పక్కన ఆగారు. తెల్లారి హైమావతి కాఫీకి పాలు కాచింది. త్రివిక్రమరావు కాఫీ తాగి, మూతి తుడుచుకుని, తాళం తిప్పాడు. బండి కిమ్మనలేదు. దిగి చూస్తే చక్రాలు సగానికి నేలలో దిగబడి ఉన్నాయి. మెట్టు ఉండాల్సిన చోట నిఖార్సయిన టేకు గడప లేచింది. వెనకవైపు చిన్న తులసికోట కూడా మొలిచింది, అందులో తులసి ఇంకా రెండాకులమీద ఉంది. బంకు వెనక ఉండే ఆవిడెవరో గిన్నె పట్టుకొచ్చి "కొత్తగా దిగారాండీ? కాసింత పెరుగు తోడు ఉంటే ఇస్తారా?" అని అడిగింది. హైమావతి ఇచ్చింది. పక్కింటివాళ్ళు అడిగితే లేదనడం ఆవిడకి చేతకాదు.

మెకానిక్ వచ్చాడు. బానెట్టు ఎత్తాడు, దించాడు, బండి చుట్టూ తిరిగి గోడ మీద తట్టి చూశాడు.

"ఇది నా పని కాదండి. మేస్త్రీని పిలిపించుకోండి" అని వెళ్ళిపోయాడు.

అంతలో సోమయ్యపాలెం నుంచి ఫోను. ఎదురింటి నాగరత్నం.

"అక్కయ్యగారూ, మీ హాల్లో ఎవరో కారు పెట్టేశారండీ. మీకు తెలిసినోళ్ళేనా?"

"తలుపు తాళం వేసే ఉందిగా?"

"తాళం వేసే ఉందండీ. అయినా ఖాళీ స్థలమే కదా అని పెట్టేసుకున్నారు."

ఇద్దరూ బస్సెక్కి వెనక్కి వచ్చి చూశారు. గోడలు గోడల్లాగే ఉన్నాయి, కప్పు కప్పులాగే ఉంది. కాకపోతే అవి ఎవరికీ అడ్డం రావడం లేదు. జనం సందు చివరికి వెళ్ళడానికి పడకగదిలోంచి అడ్డదారిన నడిచి పోతున్నారు. వంటింట్లో ఎవరో ఇసక పోయించారు. హాల్లో తెల్లకారు పక్కన చోటుంది కదా అని ఒకాయన ఆటో కూడా నిలిపాడు. త్రివిక్రమరావుకి కళ్ళు తిరిగాయి. హైమావతి ఇసకగుట్ట మీంచి ఒంగి, గూట్లో ఉన్న తన చిల్లుల గరిటె తీసుకుని సంచిలో వేసుకుంది.

మున్సిపల్ ఆఫీసులో ఆ వేరే కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ పేరు సత్యవేణి. ఇద్దర్నీ కూర్చోమని, ఫ్యాను వేసి, విషయం వినకుండానే అడిగింది.

"పాలు ఎవరు పొంగించారండీ?"

"మా ఆవిడేనండి."

"మరి ఇంకేం. ఇల్లాలు పాలు కాచిన చోటే ఇల్లండీ. పొంగిస్తే మొదలవుద్ది, రోజూ కాస్తుంటే నిలబడుద్ది. అక్కడ కాచారు గాబట్టి అక్కడ లేచింది, ఇక్కడ మానేశారు గాబట్టి ఇక్కడ పోయింది."

"మళ్ళీ బండి బండవ్వాలంటే?"

"మూడు పొద్దులు పాలు కాయకుండా ఉంటే చాలండి. చక్రాలు వాటంతటవే పైకి తేలతాయి. తర్వాత ఇక్కడికొచ్చి కాచుకుంటే ఈ ఇల్లు మీకు వచ్చేస్తుంది. ఆవిడ ఇక్కడే ఉండి రోజూ కాయాలి మరి."

"ఆవిడ ఎక్కడా కాయకపోతే?"

"ఎక్కడా ఇల్లుండదండి."

త్రివిక్రమరావు బల్ల మీదికి ఒంగాడు. "నేను కాస్తే?"

"మీరు కాస్తే కాఫీ అవుద్దండి. ఇల్లవదు."

"ఇదెక్కడి రూలండీ!"

"మార్చమని కమిటీ వేశారండి. మీటింగుకి టీలు ఎవరు పెట్టాలో తేలక వాయిదా పడింది."

"ఎక్కడా ఇల్లుండదు" అన్న మాట విన్నప్పుడు హైమావతికి గుండె గుభేలుమనాలి కదా, అలా ఏమీ కాలేదు. సంత నుంచి మోసుకొచ్చిన సంచి ఎవరో చేతిలోంచి అందుకున్నట్టు భుజాలు తేలికపడ్డాయి. తనకి సంతోషంగా ఉందని తెలిసి ఆవిడకే సిగ్గేసింది.

"అమ్మా, మీరెక్కడుంటారు?" అని అడిగింది సత్యవేణిని.

"నాకు ఇల్లు లేదండీ" అంది సత్యవేణి, చుట్టూ చూసి. "చాలా హాయిగా ఉన్నాను."

బయటికొచ్చాక త్రివిక్రమరావు మెట్ల మీద కూలబడ్డాడు. "అంటే మనం రోడ్డున పడ్డట్టేనా హైమా?"

"యాపిల్ తోటలకి రోడ్డు మీదే కదండీ వెళ్ళాలి" అంది హైమావతి.

బంకు దగ్గరికి తిరిగొచ్చాక మొదటి పొద్దు చాలా కష్టమైంది. తెల్లారగానే ఆవిడ చెయ్యి దానంతటదే పాల ప్యాకెట్టు మీదికి పోయింది. రెండో చేత్తో ఆ చేతిని లాక్కుని కొంగులో చుట్టుకుని కూర్చుంది. త్రివిక్రమరావు పొయ్యి ముందు నిలబడి పాలు కాచాడు, అడుగంటించాడు, ఆ మాడు వాసన కాఫీయే ఇద్దరికీ పోశాడు. రెండోరోజు గడప కాస్త వదులైంది. మూడోరోజుకి తులసికోట సర్దుకుని మట్టిలోకి దిగిపోయింది, చక్రాలు పైకి తేలాయి. బంకు వెనకావిడ వచ్చి "అప్పుడే ఖాళీ చేస్తున్నారాండీ?" అని నొచ్చుకుంది. తీసుకున్న తోడు తిరిగిచ్చింది.

బండి ఉత్తరానికి సాగింది. జబల్పూరు దగ్గర గండం వచ్చింది. త్రివిక్రమరావుకి జ్వరం కాసింది. దుప్పటి ముసుగులోంచి మూలిగాడు.

"హైమా, కాసిని వేడి పాలు ఇద్దూ. ఒక్క పూటే కదే."

ఒక్క పూటే. ఆ ఒక్క పూటకే చక్రాలు దిగబడతాయి, తర్వాత తులసికోట, తర్వాత తోడడిగే పక్కింటావిడ. యాపిల్ కోతలు అయిపోవస్తున్నాయి. హైమావతి పొయ్యి వంక చూసింది, మొగుడి వంక చూసింది. నలభయ్యేళ్ళ కాపురం చేసిన మనిషి చలికి వణుకుతున్నాడు. లేచి పొయ్యి వెలిగించింది. అల్లం దంచి, మిరియాలు వేసి, కషాయం కాచింది. రూల్లో కషాయం ఊసు లేదు. ఎదురుగా ఢాబాకి పోయి, పొగలు కక్కే పాలు వాళ్ళ చేతే కాయించి గ్లాసుతో పట్టుకొచ్చింది. రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. తెల్లారేసరికి జ్వరం జారింది, చక్రాలు కదల్లేదు. ఆవిడ దిగి నాలుగింటినీ కాలితో తన్ని చూసి ఊపిరి పీల్చుకుంది.

సిమ్లా దాటాక ఒక తోటలో, కోతలు దాదాపు ముగిసిపోయిన చెట్టుకి, పళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. తోటాయనకి తెలుగు రాదు, హైమావతికి హిందీ రాదు. ఆవిడ పండు వైపు చూపించింది, అతను తలూపాడు. ముచ్చిక పట్టుకుని మెలి తిప్పితే పండు చేతిలోకి వచ్చేసింది. అలవాటు కొద్దీ చాకు కోసం వెతికింది. తర్వాత మానేసి అలాగే కొరికేసింది. ఎవరికీ ముక్క ఇవ్వలేదు. మొగుడు చెయ్యి చాపితే "చెట్టుకి ఇంకా ఉన్నాయి, కోసుకోండి" అంది.

దీపావళి వెళ్ళాక సోమయ్యపాలెం చేరారు. ప్లాను ప్రకారం ఇక ఆర్నెల్లు ఇంటిపట్టున ఉండాలి. భ్రమరాంబ ముందే వచ్చి వంటింట్లో, అంటే ఇసకగుట్ట పక్కన, సిద్ధంగా నిలబడింది. పొయ్యి మీద కొత్త గిన్నె, గిన్నెకి పసుపు, పక్కన పాలు. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. నాగరత్నం కూడా వచ్చింది.

"కానీవే హైమా. ఒక్కసారి పొంగిందంటే ఈ కార్లూ గీర్లూ అన్నీ బయటికి పోతాయి" అంది భ్రమరాంబ.

హైమావతి గోడల వంక చూసింది. వాటికి సున్నం వేయించింది తనే. ఆ కిటికీ దగ్గరే ముగ్గురు పిల్లలకి గోరుముద్దలు పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని దాచుకోలేదు. అగ్గిపెట్టె తీసుకుని ఒక్క మాట అడిగింది.

"పొంగిస్తే నేను మళ్ళీ ఎప్పుడు కదుల్తాను వదినగారూ?"

భ్రమరాంబ తమ్ముడి వంక చూసింది. త్రివిక్రమరావు వచ్చి హైమావతి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, పొయ్యి తనే వెలిగించాడు. పాలు పొంగాయి. ఏమీ కాలేదు. కార్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అతను కాఫీ కలిపాడు.

హైమావతి హాల్లో తెల్లకారుకీ ఆటోకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. "అమ్మా, కాస్త జరగండి, రివర్సు తీయాలి" అన్నాడు కారాయన. జరిగింది. మళ్ళీ కూర్చుని కాఫీ తాగింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అందరూ వెళ్ళాక నాగరత్నం ఆగింది. గొంతు తగ్గించి అడిగింది.

"అక్కయ్యగారూ, మూడు పొద్దులేనంటారా? మా ఇల్లు రెండు అంతస్తులండీ, దానికీ అంతేనా?"

వారం తిరిగేసరికి ఆ వీధి పొడుగునా పొద్దున్నే మాడిన పాల వాసన. మరో నెలకి రికార్డు ప్రకారం ఆ వీధిలో ఒక్క ఇల్లూ లేదు. ఇన్ని ఇళ్ళు ఎలా పోయాయో తేల్చమని ఆఫీసు నుంచి ముగ్గురు మగ ఉద్యోగులు వచ్చారు. ప్రతి గుమ్మంలోకీ వెళ్ళి చూశారు. గోడలున్నాయి, కప్పులున్నాయి, సామాన్లున్నాయి, పొయ్యిల ముందు ఇంటి యజమానులు కూడా ఉన్నారు. ఏం తగ్గిందో వాళ్ళకి ఎంతకీ అంతుపట్టలేదు. అన్నీ ఖాళీ స్థలాలేనని రాసుకుని, త్రివిక్రమరావు ఇచ్చిన కాఫీ తాగారు. కాఫీ మాత్రం బాగుందన్నారు.