వాషింగ్ మెషీన్ వెనక క్యాబేజీ

శనివారం పొద్దున పురుగులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా లేవాలి. ఇల్లాలు లేచేలోగా వంటింటి వెనక బాల్కనీలోకి వెళ్లి, వాషింగ్ మెషీన్ వెనక తాను దాచిన ప్లాస్టిక్ డబ్బా తియ్యాలి. అందులో నాలుగు రోజులుగా కుళ్ళుతున్న అర చెక్క క్యాబేజీలోకి ఒక మగపురుగు వచ్చి చేరిందేమో చూడాలి. చేరితే పట్టుకోవాలి, క్యాబేజీని వదిలించుకోవాలి, చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకోవాలి. ఇంత సులువైన పనిలో తేడా ఎక్కడొస్తుందో ఆయనకు తట్టలేదు. ఇలాంటివి ముందుగా తట్టే స్వభావమే అయితే ఆయన పెళ్లానికి చెప్పకుండా ఇంట్లో క్యాబేజీ కుళ్ళబెట్టేవాడే కాదు.

ఆయన మ్యూజియంలో పురుగుల విభాగంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు గాని, పురుగులాయన ఇల్లెక్కడంటే కళ్లు మూసుకుని చూపిస్తారు. ఆయన ప్రాణమంతా రోవ్ బీటిల్ అనే జాతి పురుగుల మీద. బియ్యపుగింజలో సగముంటాయి, కుళ్ళిన ఆకుల్లో చేరతాయి. రెక్కల మీది పెంకు నడుము దాకా కూడా రాదు, చిన్నప్పటి చొక్కా పెద్దయ్యాక తొడుక్కున్నట్టు. బెదిరిస్తే తోక పైకెత్తి తేలులా ఫోజు పెడతాయి గాని కుట్టవు. ఈ ఇరవై ఆరేళ్లలో ఆయన కొత్తరకం దొరికిందని పదకొండుసార్లు ఎగిరి గంతేశాడు. పదకొండుసార్లూ ఎవరో మహానుభావుడు నూరేళ్ల కిందటే దాన్ని పట్టి, పేరు పెట్టి, అచ్చువేసి, హాయిగా చచ్చిపోయాడని తేలింది.

పన్నెండోది మూడువారాల కిందట బాల్కనీలో బట్టల సబ్బు పెట్టె మీద నడుస్తూ కనిపించింది. నల్లటి తల, ఇటుక రంగు రెక్కలు, పసుపు చుక్క పెట్టిన తోక. ఆయన వారం సెలవు పెట్టి పుస్తకాలన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. ఫొటోలు తీసి, ఈ పురుగుల్లో పండిపోయిన ఒక పెద్దావిడకు పంపాడు. ఆవిడ రెండు వాక్యాల జవాబిచ్చింది. కొత్తదే అనిపిస్తోందట. కానీ ఇది ఆడది, మగది దొరికాక మాట్లాడమంది. అందులో అన్యాయమేమీ లేదు. ఈ పురుగుల్లో దగ్గరి చుట్టాలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. మగదాని పొట్ట విప్పి, లోపల దాని సంసారానికి సంబంధించిన చిన్న భాగాన్ని మైక్రోస్కోపు కింద పెడితేనే ఏది ఏదో తేలుతుంది.

సంతోషం పట్టలేక ఆయన ఇల్లాలికి చెప్పాడు. చెప్పడమే తప్పయింది. దొరికిన చోటు చీటీ మీద రాసి పురుగు కింద గుచ్చాలని, అదే అచ్చులో కూడా వస్తుందని ఆయన వివరిస్తుంటే ఆవిడ ముఖంలో రంగులు మారాయి. ఆవిడ ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషి. అద్దమైనా తుడవడానికి బద్ధకించేవాళ్ల ఇంట్లో మసకబారుతుంది గాని, ఈవిడ ఇంట్లో ఆ ప్రశ్న లేదు.

"అంటే, లోకంలో ఎక్కడా లేని పురుగు మనింట్లో ఉందని అచ్చేస్తారా?" అంది.

"వీధి, ఇంటి నంబరుతో సహా," అన్నాడాయన గర్వంగా.

"మా అక్క చదివితే?"

ఇల్లాలి అక్క, అంటే ఆయనకు వదినగారు, చెప్పులు విప్పకముందే కిటికీ మీద చూపుడు వేలు రాసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకునే రకం. ముప్ఫై ఏళ్లుగా ఆ వేలికి ఏమీ అంటకుండా చూడటమే ఇల్లాలి జీవిత లక్ష్యం. మ్యూజియం తోటలో దొరికిందని రాయమని ఆవిడ బతిమాలింది. పురుగులాయన ఏ విషయంలోనైనా మెత్తబడతాడు గాని చీటీ విషయంలో కాదు. దొంగ చీటీ రాసినవాడికి తమ వృత్తిలో తలెత్తుకునే చోటుండదన్నాడు. పోనీ నీ పేరు పెడతానన్నాడు. పురుక్కి నా పేరేమిటని ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడి, శనివారం పదింటికి పురుగుల మందు కొట్టేవాళ్లు వస్తున్నారని, సాయంత్రం నాలుగింటికి అక్క వస్తోందని చెప్పింది. అంటే మగపురుగుకి, ఇరవై ఆరేళ్ల ఆశకి కలిపి గడువు శనివారం పదిగంటలు.

కనకే ఆయన ఆరింటికి లేచాడు. ఇల్లాలు అయిదింటికే లేచింది. బాల్కనీలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వాసన నాలుగు రోజులుగా పెరుగుతోందట. కాలువ గొట్టంలో ఎలుక చచ్చిందని ఆవిడ తేల్చేసి, ప్లంబరుకి ఫోను చేసేసింది. అక్క వచ్చే రోజున ఎలుకా అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఎలుక కాదు, క్యాబేజీ అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఆవిడ ముఖం చూసి మూశాడు. ఆ ఒక్క క్షణం ధైర్యం చేసుంటే ఆ రోజంతా వేరుగా ఉండేది. సైన్సుకి నష్టం జరిగేది కూడా.

ఏడింటికి వచ్చిన ప్లంబరు వాసన పీల్చి, ఇది ఒక ఎలుక పని కాదన్నాడు. పురుగులాయన వద్దువద్దంటూ అడ్డం పడుతున్నా వినకుండా వాషింగ్ మెషీన్ లాగి హాల్లో పెట్టించాడు. వెనక డబ్బా బయటపడింది. ఏమిటో చూద్దామని మూత తీశాడు. ముప్ఫై ఏళ్లుగా కాలువలు బాగుచేస్తున్న ఆ మనిషి, తల తిప్పుకున్నాడు గాని చెయ్యి అదుపు తప్పింది. డబ్బా కటకటాల మీంచి ఎగిరి కిందికి వెళ్లింది. కింది వాటాలో లెక్కల మాస్టారు ఉంటారు. ఆయన అప్పుడే తెల్లచొక్కాలు ఆరేసుకున్నారు.

"అది ఎలుక కాదు సార్," అన్నాడు ప్లంబరు చేతులు కడుక్కుంటూ. "ఏంటో అడక్కండి." మెషీన్ని హాల్లోనే వదిలేసి వెళ్లిపోయాడు.

పురుగులాయనకు ఆ మాటలు చెవికెక్కలేదు. డబ్బాలోంచి రాలిన క్యాబేజీ తునకొకటి కాలువ జాలీ పక్కన పడి ఉంది. దాని మీద ఏదో కదిలింది. ఆయన పరుగున వెళ్లి పురుగుల్ని పీల్చే గొట్టం తెచ్చాడు. అది ఒక చిన్న సీసా, దానికి రెండు రబ్బరు గొట్టాలు. ఒకటి నోట్లో పెట్టుకుని, రెండోది పురుగు మీద పెట్టి గట్టిగా పీలిస్తే అది సీసాలో పడుతుంది. నోట్లోకి రాకుండా సన్న జాలీ ఉంటుంది. ఆయన నేల మీద బోర్లా పడుకుని, ఆ పురుగు దూరిన కాలువ జాలీ కన్నంలో గొట్టం పెట్టి, బుగ్గలు లోపలికి పోయేలా పీలుస్తున్న సమయానికి లెక్కల మాస్టారు క్యాబేజీ పులిమిన చొక్కా పట్టుకుని పైకొచ్చారు.

మాస్టారు కోపంగానే వచ్చారు. నాలుగు దులపాలని మెట్లెక్కుతూ మాటలు కూడా కూర్చుకున్నారు. కానీ మ్యూజియంలో పనిచేసే పెద్దమనిషి మురుగుకాలువని గొట్టం పెట్టి తాగుతున్న దృశ్యం చూశాక చొక్కా సంగతి మరిచిపోయారు. ఇల్లాలి వైపు తిరిగి, ఎన్నాళ్లనుంచమ్మా అని మెల్లగా అడిగారు.

ఇల్లాలికి తల కొట్టేసినట్టయింది. పురుగు కోసమని చెబితే ఇంట్లో పురుగులున్నాయని ఒప్పుకోవాలి. చివరికి, "ఉబ్బసం మాస్టారూ," అంది. "ఊపిరి బలం కోసం ఈ కసరత్తు చెయ్యమన్నారు డాక్టరు."

నేల మీదనుంచి పురుగులాయన తల ఊపాడు. సీసాలో పడింది మామూలు ఈగ.

మాస్టారి మనసు వెన్న. ఆయన మేనమామకి ఉబ్బసం ఉండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, మేనమామ తిన్నవి, మానేసినవి, చివరికి పోయిన విధం అన్నీ చెప్పారు. పదింటికి వీపున డబ్బాలు తగిలించుకుని మందు కొట్టేవాళ్లు తలుపు తట్టేసరికి ఆయనే లేచి వెళ్లి, లోపల ఊపిరాడని మనిషున్నాడు, మందు కొడితే మీ మీద కేసవుతుంది, పొమ్మన్నారు. వాళ్లు వెళ్లిపోయారు. ఇల్లాలు కాదనడానికి లేదు, ఉబ్బసం తెచ్చింది తనే. పురుగులాయన నెత్తిన పాలు పోసినట్టయింది. లెక్కల మాస్టార్లంటే చిన్నప్పటినుంచీ ఉన్న భయం ఆ రోజుతో పోయింది.

అంతలో బల్ల మీద ఫోను మోగింది. ఇల్లాలి చేతుల నిండా సబ్బునురగ. ఉపకారం అలవాటైపోయిన మాస్టారు ఫోను తీశారు. అవతల వదినగారు. ఏ బస్సుకి బయల్దేరమంటావని చెల్లెల్ని అడగబోయింది.

"బస్సు సంగతి తర్వాతమ్మా," అన్నారు మాస్టారు. "ఇక్కడ మీ మరిదిగారు నేల మీద పడి గొట్టంతో ఊపిరి తీసుకుంటున్నారు. నా కళ్లతో చూశాను."

నాలుగింటికి రావలసిన వదినగారు పన్నెండింటికే దిగింది. హాల్లో నడిమధ్య వాషింగ్ మెషీన్, దాని చుట్టూ మడుగు, మడుగులోంచి వంటింటి దాకా ప్లంబరు అడుగుల జాడలు, వీటన్నిటి మీద క్యాబేజీ వాసన. ఇల్లాలు గుమ్మంలో కుక్కిన పేనులా నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్ల కష్టం ఒక్క పూటలో మట్టిలో కలిసిందని ఆవిడకు నిజంగా ఏడుపొచ్చింది. పురుగులాయనకు, తన మగపురుగు కోసం ఆవిడని ఇంత దూరం తెచ్చానా అనిపించింది. నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు.

వదినగారు ఆ అవకాశం ఇవ్వలేదు. రెండు చేతులా మోసుకొచ్చిన పెద్ద పూలకుండీని తిన్నగా భోజనాల బల్ల మీద పెట్టింది. అందులో మోకాలెత్తు ఆకుమొక్క.

"ఆయాసానికి దీన్ని మించింది లేదు మరిదిగారూ. పక్కన పెట్టుకుని పీల్చండి చాలు," అంది. కిటికీ దగ్గరికి నడుస్తూ చూపుడు వేలు సిద్ధం చేసుకుంటూ, "మట్టి కూడా బజారుది కాదు. ఆకులన్నీ పోసి మా పెరట్లో నా చేతులతో కుళ్ళబెట్టుకున్న ఎరువు. పోయిన ఏడాది మీకిచ్చిన కుండీలోదీ అదే," అంది.

ఆ పాత కుండీ బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కనే ఉంటుంది. వదినగారు వచ్చినప్పుడు మాత్రం హాల్లోకి వస్తుంది. పురుగులాయన బుర్రలో ఏదో మెదిలింది. అది పూర్తిగా మెదలకముందే కొత్త కుండీ అడుగు కన్నంలోంచి ఒక పురుగు బయటికొచ్చింది. నల్లటి తల, ఇటుక రంగు రెక్కలు. తెల్లటి బల్లగుడ్డ మీద నిలబడి, పసుపు చుక్క తోక పైకెత్తింది. వెనకే ఇంకోటి. ఆ వెనక ఓ డజను.

"ఎవరూ కదలకండి," అన్నాడాయన. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ లేవలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని బల్ల మీద వాలిపోయాడు. ఆయాసం ముదిరిందని వదినగారు వీపు రాస్తూనే ఉంది, ఆయన పీలుస్తూనే ఉన్నాడు. పద్నాలుగు సీసాలో పడ్డాయి. లోపలి గదిలో ఉన్న పాత మైక్రోస్కోపు కింద పెట్టి అరగంట తర్వాత బయటికొచ్చినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అయిదు మగవి. లోపలి భాగం కొస పక్కకి వంగి, ఏ పుస్తకంలోనూ లేని ఆకారంలో ఉంది. కొత్తదే. ఇరవై ఆరేళ్లకి, పన్నెండోసారికి, కొత్తదే.

పురుగు వచ్చింది కుండీ మట్టిలోంచేనని ఆయన చెప్పిందంతా ఇల్లాలు వింది. కుండీ వంక చూసింది, కిటికీ దగ్గర వేలు పట్టుకుని నిలబడ్డ అక్క వంక చూసింది. ఇల్లాలి నడుము నిటారయింది.

"ఏమండీ," అంది చాలా తియ్యగా. "పురుగు సొంతూరు చీటీ మీద రాయాలన్నారు కదా. అక్క వాళ్ల వీధి, ఇంటి నంబరు నేను చెబుతాను, రాసుకోండి."

పురుగులాయన చీటీ మీద అబద్ధం రాయడు. మరుసటి ఆదివారం వెళ్లి వదినగారి పెరట్లో ఎరువుకుప్ప జల్లెడ పట్టాడు. గంటలో నలభై రెండు దొరికాయి. ఇల్లాలు దగ్గరుండి లెక్కపెట్టింది. పురుక్కి పేరు కూడా అక్కదే పెడితే బాగుంటుందని సలహా ఇచ్చింది. ఆయన సంతోషంగా పెట్టాడు. వ్యాసం ఎనిమిది నెలలకు అచ్చయింది. చిరునామా ఉన్న చోట ఎర్ర సిరాతో గీత గీసి, ఒక ప్రతిని ఇల్లాలే అక్కకి పోస్టు చేసింది. ఆ వారమంతా పని చేసుకుంటూ కూనిరాగాలు తీసింది.

రెండు నెలల తర్వాత అక్కగారింటికి వెళ్లారు. గుమ్మానికి ఎదురుగా గోడ మీద ఆ పేజీ ఫ్రేము కట్టి ఉంది. కింద కుర్చీల్లో ఇరుగుపొరుగు నలుగురు కూర్చుని ఉన్నారు. వదినగారు వాళ్లకి ఫ్రేములో గీత గీసిన చోటు చూపిస్తోంది.

"లోకం మొత్తమ్మీద మా పెరట్లోనే పుట్టిందట. పేరూ నాదే పెట్టారు," అంటోంది. "మా చెల్లెలింట్లోనూ ఒకటి కనపడిందిలే. అది నా కుండీతో వెళ్లింది. చెల్లెలింట్లో సొంతంగా ఏం పుడతాయి, పాపం, అంతా తుడిచేస్తుంది."

తిరుగు బస్సు దిగగానే ఇల్లాలు కూరల సంచీ పట్టుకుని బజారుకి వెళ్లింది. నాలుగో రోజు పొద్దున చొక్కా ఉతుక్కుందామని బాల్కనీలోకి వెళ్లిన పురుగులాయనకు ఏదో తెలిసిన వాసన తగిలింది. వంగి చూశాడు. వాషింగ్ మెషీన్ వెనక ఒక డబ్బా, అందులో అర చెక్క క్యాబేజీ ఉంది. అది ఆయన పెట్టింది కాదు.