నా పికప్‌కు పద్నాలుగు మంది బరువు

ఆఫ్‌రోడ్ పికప్ కొన్నవాడు దాని ఫ్యాక్టరీ సస్పెన్షన్ మార్చకూడదు. మార్చినవాణ్ణి దేశద్రోహి అని నేను అనను. కానీ అలాంటివాడి పక్కన కూర్చుని టీ మాత్రం తాగను.

ఎందుకంత కోపం అంటారా? చెబుతాను. ముందు నా అర్హత వినండి. మూడేళ్ళ క్రితం నేనొక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాను. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనక టన్ను సరుకు వేయొచ్చు. ప్రకటనలో ఆ బండి రాళ్ళెక్కి, వాగులు దాటి, నరమానవుడు లేని కొండ మీద ఆగుతుంది. "రోడ్డు ముగిసిన చోట మీరు మొదలవుతారు" అని ఒక గంభీరమైన గొంతు చెబుతుంది. ఆ గొంతుకు పడిపోయాను.

నగరాలవాళ్ళు పాపం, రోడ్డు ముగిసే చోటు కోసం శని ఆదివారాలు పెట్రోలు తగలేసుకుని వెతుక్కోవాలి. మాకా అవస్థ లేదు. అనంతపురం జిల్లాలో కుందుర్పి దిక్కున మా ఊరు. మెయిన్ రోడ్డు దిగిన మరుక్షణం రోడ్డు ముగుస్తుంది. అక్కడి నుంచి మా గడప దాకా పదకొండు కిలోమీటర్లు. ఇంత అడ్వెంచర్ ఇంటి ముందే ఉచితంగా ఇంకెవరికి దొరుకుతుంది?

అసలు రోడ్డే లేదనుకునేరు. ఉంది. ఐదేళ్ళ క్రితం మా చిన్నాయన కొడుకు చంద్రమోహన్ కాంట్రాక్టు తీసుకుని స్వహస్తాలతో వేయించాడు. మరుసటి ఏడు మా గుట్టల మీద గాలిమరలు పెట్టడానికి నూట యాభై అడుగుల రెక్కలు మోసుకుంటూ ట్రైలర్లు వచ్చాయి. రెక్కలు గుట్ట ఎక్కాయి, రోడ్డు మట్టిలోకి దిగింది. వేరే జిల్లాల్లో రోడ్డు పోతే వానల మీద నెట్టేస్తారు. మాకు నెట్టేయడానికి వాన కూడా లేదు!

అయినా నష్టమేముంది? లాభాలు చూడండి. మా దారిలో భార్యాభర్తలు పోట్లాడుకోలేరు. నోరు తెరిస్తే నాలుక తెగుతుంది. బండిలో ఎవరూ ఫోను చూడరు, చూసినా అక్షరాలు ఒకచోట నిలవవు. పొద్దున తిన్న రాగిముద్ద నాలుగో కిలోమీటరు దగ్గరికే అరిగిపోతుంది. దీనికోసం పట్నంలో ట్రెడ్‌మిల్లు ఎక్కుతున్నారు కదా మీరు?

పైగా ఆ గుంతలే మాకు అడ్రసులు. బసప్ప తాతకు ముందు పన్ను ఊడిన చోటు 'పన్ను గుంత'. పెళ్ళి బ్యాండువాళ్ళ డోలు జారిపోయిన చోటు 'డోలు గుంత'. తిప్పయ్య చేను ఎక్కడ అని మీరు అడిగితే, "పన్ను గుంత దాటినాక ఎడం పక్క" అని మూడేళ్ళ పిల్ల కూడా చెబుతుంది. రేపు ఎవరో పుణ్యాత్ముడు వచ్చి ఆ గుంతలన్నీ పూడ్చాడనుకోండి. తిప్పయ్య తన చేను తాను ఎలా వెతుక్కోవాలి?

ఇంత గొప్ప వ్యవస్థకు ద్రోహం చేసినవాడు చంద్రమోహన్. నేను కొన్న నెలలోనే వాడూ అదే పికప్ కొన్నాడు. రంగు ఒక్కటే తేడా. అయితే తన రోడ్డు ఆఖరు బిల్లు పాసైన వారానికే బండిని బెంగళూరు తీసుకుపోయి ఫ్యాక్టరీ సస్పెన్షన్ మొత్తం పీకించి, విదేశీ స్ప్రింగులు, గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్లు పెట్టించాడు.

"అన్నా, ఇప్పుడు రోడ్డు ఉండాదో లేదో కూడా తెలీడంల్యా," అన్నాడు నాతో, డోలు గుంత మీద నుంచి అప్పుడే వచ్చి దిగుతూ. వాడి చేతిలో టీ కప్పు ఉంది. నిండుగా ఉంది.

రోడ్డు వేసినవాడికే రోడ్డు ఉందో లేదో తెలియకపోతే, ఇక తెలియాల్సింది ఎవరికి? నేను ఆ రోజే నిశ్చయించుకున్నాను. ప్రాణం పోయినా నా బండికి ఫ్యాక్టరీ స్ప్రింగులే ఉంటాయి అని.

ప్రాణం అన్న మాట ఊరికే అన్నాను. అది నా ప్రాణం మీదికి కాదు, ప్రసూన వెన్ను మీదికి వచ్చింది.

ప్రసూన నా భార్య. పోయిన ఏడాది పామిడిలో వాళ్ళ అక్క ఇంటి నుంచి తిరిగి వస్తున్నాం. వెనక తొట్టి ఖాళీ. నేను కొంచెం స్పీడుగా పోతున్న మాట నిజం. ఆఫ్‌రోడ్ బండి కదా, దాని పౌరుషం దానికి చూపించాలి కదా! పన్ను గుంతలో బండి లేచి పడింది. ప్రసూన అరిచిన అరుపు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. వెన్నులో డిస్కు పక్కకు జరిగింది. ఎడమ కాలు మొద్దుబారింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి వెన్నుపూసలకు నాలుగు స్క్రూలు బిగించారు.

తప్పు ఎవరిదని మీరు అడగొద్దు. నాదే. నాకు తెలుసు.

డాక్టరు ఆమెను ఇంటికి పంపుతూ ఒక్క మాటే చెప్పాడు. ఆరు వారాలకు మళ్ళీ తీసుకురావాలి, ఎక్స్‌రే తీసి స్క్రూలు కుదురుకున్నాయో లేదో చూడాలి, అంతదాకా ఒక్క కుదుపు కూడా తగలకూడదు. తగిలితే? స్క్రూ జరిగితే ఆ కాలు మళ్ళీ లేవదు. అప్పుడు నెమ్మదిగా మోసుకొచ్చినట్టు ఇంటికి తెచ్చుకున్నాం. ఆఖరి పదకొండు కిలోమీటర్లు మంచంతో సహా మనుషులు భుజాల మీద మోశారు. మోసినవాళ్ళు ఆ తర్వాత పనులకు బెంగళూరు పోయారు, మళ్ళీ ఆ పని చేయమని ఎవరిని అడగను?

ఆరో వారం దగ్గర పడింది. సిద్ధాంతాలన్నీ మడిచి జేబులో పెట్టుకుని నేను సస్పెన్షన్ మార్పించడానికి పోయాను. దాచడమెందుకు? పోయాను. గ్యారేజీ మెకానిక్ వంశీ బండి కింద దూరి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"సామాను బయట్నుంచి రావాల సార్. నెలన్నర పడ్తాది. మీకు ఎప్పటికి కావాల?"

"వచ్చే బుధవారానికి," అన్నాను.

వంశీ నవ్వలేదు. మంచివాడు. బండి వెనక చక్రాల మీద పేర్చిన ఇనుప పట్టీలు చూపించాడు. వాటిని కమాన్లు అంటారు. "ఇవి టన్ను బరువుకు చేసినవి సార్. బరువు లేకుంటే వంగవు, బండే ఎగురుతాది. ఏడు క్వింటాళ్ళు ఎనక ఏసినారనుకో, మెత్తగా పోతాది. మీరు ఎప్పుడూ ఖాళీగా తోల్తాండారు, అదీ తప్పు," అన్నాడు.

అంటే మూడేళ్ళుగా నేను బండికి చూపించిన పౌరుషమంతా ఖాళీ తొట్టి పౌరుషమన్నమాట.

చంద్రమోహన్ బండి అడగొచ్చు కదా అంటారు. వాడే ఇస్తానన్నాడు. ప్రసూన మంచం మీది నుంచే జవాబు చెప్పింది. "ఆ రోడ్డేసినోని బండి నేనెక్కను. నడుం పోయింది, మానం పోలే." అంబులెన్సు సంగతి కూడా అడిగాను. వాళ్ళు పిలిస్తే వస్తారు, పాపం. కానీ ఏ బండి వచ్చినా గుంతలు అవే కదా.

సాయంత్రం తిప్పయ్యను పిలిచి ఏడు క్వింటాళ్ళ చెనిక్కాయ మూటలు, అదే వేరుశనగ మూటలు, కావాలన్నాను. తిప్పయ్య నా వైపు జాలిగా చూశాడు.

"ఏమన్నా, ఈ యేడు పంట యాడుండాది? ఇత్తనాలకే ల్యాకపోతే మూటలు యాడ్నుంచి తెస్తా?"

"మరి ఇసుక?"

"ఇసుకేసుకోని మెయిన్ రోడ్డెక్కితే స్టేషన్లో పెడ్తారు." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "బరువే కదన్నా కావాల్సింది. మనుషులుండారు కదా."

పాఠకులారా, చట్టం నాకూ తెలుసు. సరుకు తొట్టిలో ప్రయాణికులను ఎక్కించకూడదు. అందుకే వాళ్ళను ప్రయాణికులు అని నేను ఎక్కడా రాయడం లేదు. సరుకు అంటున్నాను.

మంగళవారం మా ఇంటి ముందు చెనిక్కాయలు తూచే కాటా పెట్టాం. బరువున్న మగవాళ్ళంతా బెంగళూరులో కట్టడం పనుల్లో ఉన్నారు. మిగిలింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెట్టి తిప్పయ్య బొగ్గుతో గోడ మీద రాశాడు. బసప్ప తాత నలభై మూడు కిలోలు. "ఎండుకాయ," అని తిప్పయ్య తీసేయబోయాడు. "నా పన్ను పోయిన గుంత నాకు తెల్సినంత ఎవనికి తెల్సు? నేను రావాల్సిందే," అని తాత దిగలేదు. సుబ్బలక్ష్మమ్మ తొంభై రెండు కిలోలు. ఇన్నాళ్ళూ ఆమె ఒళ్ళు చూసి ఊరంతా ఎగతాళి చేసింది. ఆ రోజు ఆమెకు సరిగ్గా వెనక ఇరుసు మీద చోటు ఇచ్చారు. ఆమె కొంగు సర్దుకుని, "ఎన్నాళ్ళకు పనికొస్తి," అంది.

పద్నాలుగు మందికి లెక్క సరిపోయింది. ఏడు క్వింటాళ్ళ పదకొండు కిలోలు.

బుధవారం పొద్దున బయలుదేరాం. ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు పెట్టి ప్రసూనను పడుకోబెట్టాను. తొట్టిలో పద్నాలుగు మంది ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. కమాన్లు వంగాయి. బండి వెనక భాగం గౌరవంగా కిందికి దిగింది. వాళ్ళలో తిప్పయ్య ఒక్కడే లేచి నిలబడి గుంత రాకముందే పైకప్పు మీద చేత్తో తట్టేవాడు. ఒకసారి తడితే ఎడమకు, రెండుసార్లు తడితే కుడికి. మనిషి నడిచే వేగంతో పోయాం. పక్కన మేకలు మమ్మల్ని దాటి పోయాయి.

పన్ను గుంత వచ్చింది. తిప్పయ్య తట్టడం మాని రెండు చేతులతో పైకప్పు పట్టుకున్నాడు. ప్రసూన కళ్ళు మూసుకుని నా మోచేయి పట్టుకుంది. ముందు చక్రం దిగింది, లేచింది. వెనక చక్రాలు దిగాయి, లేచాయి. ఆమె చేతి పట్టు బిగియలేదు.

"అయిపోయిందా?" అని అడిగింది.

"అయిపోయింది," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. వ్యంగ్యం రాసేవాడు ఇలాంటివి ఒప్పుకోకూడదంటారు. ఒప్పుకుంటున్నాను.

స్క్రూలు చెక్కు చెదరలేదని డాక్టరు చెప్పాడు. కాలికి స్పర్శ వస్తోంది, చేతికర్రతో నడవొచ్చు అన్నాడు. నా సరుకంతా ఆస్పత్రి ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిన్నది. తిరుగు ప్రయాణానికి బరువు పెరిగిందే తప్ప తగ్గలేదు.

చూశారా? అప్‌గ్రేడ్ చేసిన సస్పెన్షన్‌తో ఇంత ఐకమత్యం సాధ్యమా? గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్ కోసం ఎవరైనా కాటా ఎక్కుతారా? వ్యాసం ఇక్కడ ముగిసి ఉంటే నాకు సంతోషంగా ఉండేది.

కానీ మేము ఒక పొరపాటు చేశాం. ఆ ఊపులో పద్నాలుగు మందీ కలిసి రోడ్డు బాగు చేయమని అర్జీ పెట్టారు. జరిగిందంతా వివరంగా రాశాం. నెల తర్వాత ఒక ఇంజనీరు సారు తనిఖీకి వచ్చారు. చంద్రమోహన్ పికప్‌లో వచ్చారు. టీ తాగుతూ వచ్చారు. మా వీధిలో కప్పు కింద పెట్టి, ఒళ్ళో కాగితం పెట్టుకుని అక్కడికక్కడే రిపోర్టు రాసి నాకు చదివి వినిపించారు.

"రోడ్డు ప్రయాణమునకు అనువుగా ఉన్నది. వెన్నుకు శస్త్రచికిత్స జరిగిన ఒక మహిళ సైతం ఈ రోడ్డు మీదుగా ఎటువంటి ఇబ్బంది లేకుండా ఆస్పత్రికి పోయి వచ్చినట్లు అర్జీదారులే రాతపూర్వకముగా తెలిపియున్నారు. మరమ్మతు అవసరము లేదు."

ఏడు క్వింటాళ్ళ మనుషుల బరువు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు అర్థమైందా, సస్పెన్షన్ మార్చకూడదని నేనెందుకు మొత్తుకుంటున్నానో? మారిస్తే కుదుపు తెలియదు. తెలియనివాడే సంతకం పెడతాడు.

నేను మర్యాదగా నా బండి తలుపు తీశాను. తొట్టి ఖాళీ. కమాన్లు బిగుసుకుని ఉన్నాయి. "సార్, ఒక్కసారి నా బండ్లో మెయిన్ రోడ్డు దాకా రాండి. నేనే తోల్తాను. మీరొక్కరే చాలు, బరువుకు ఎవురూ వద్దు," అన్నాను.

ఇంజనీరు సారు బండి వైపు, నా వైపు చూశారు. "వద్దులేప్పా. నాకు నడుం బాగలేదు. ఇట్లాంటి రోడ్డు మీద కుదుపులు పడొద్దని డాక్టరు చెప్పినాడు," అన్నారు.

చేతికర్ర చప్పుడు వినిపించింది. ప్రసూన గేటు దాకా నడిచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆమె అంత దూరం నడవడం అదే మొదటిసారి. గేటు పట్టుకుని నిలబడి అడిగింది.

"మీ నడుం యా గుంతలో సార్?"