నిద్రలో చూసిన మూడు సినిమాలు

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్ గారి చూపు చాలా చురుకని ఊళ్ళో పేరు. ఏ కొట్టువాడైనా త్రాసు పళ్ళెం కింద అయస్కాంతం అంటిస్తే, ఆయన వీధి మలుపులోనే పసిగట్టేవారు. ఇంత చురుకైన కళ్ళూ సినిమా హాల్లో దీపాలతో పాటే ఆరిపోయేవి.

ఆయన భార్యకేమో సినిమాలంటే ప్రాణం. చూడడం కంటే, చూసొచ్చాక మాట్లాడుకోవడం ఇంకా ఇష్టం. "సినిమా అంటే హాల్లో సగమేనండీ, మిగతా సగం ఇంటికొచ్చాక" అనేది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆ మిగతా సగం ఆవిడకి దక్కలేదు. "ఎలా ఉంది?" అంటే ఇన్‌స్పెక్టర్ గారు "బాగుంది" అనేవారు. గుచ్చిగుచ్చి అడిగితే "చాలా బాగుంది" అనేవారు. ఈ రెండు మాటలతోనే సంసారాన్ని లాక్కొచ్చారు.

పోయిన నెల ఆవిడ ఓపిక నశించింది.

"వినండి. మూడు ఆదివారాలు, మూడు సినిమాలు. ఒక్కోదాని గురించీ మీ అభిప్రాయం చెప్పాలి. బాగుంది అంటే ఊరుకోను."

"చెప్పకపోతే?"

"మీ పడక్కుర్చీ గడప దాటుతుంది."

ఇన్‌స్పెక్టర్ గారి గుండె జారి అదే కుర్చీలో పడింది. అది ఆయన మొదటి జీతంతో కొనుక్కున్నది. గుడ్డ మూడుసార్లు మార్చినా, పడుకోగానే ఆయన నడుముకి సరిగ్గా సరిపోయేలా కుదురుకునేది.

"దాని జోలికెందుకే? అదేం చేసింది పాపం?"

"అదీ మీరూ ఒకటైపోయి నన్ను ఒంటరిదాన్ని చేశారు" అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, కళ్ళు నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ గారు అది గమనించారు. అయితే అప్పటికాయన మనసంతా కుర్చీ మీద ఉంది.

మేలుకుని సినిమా చూస్తే సరిపోయేది. కానీ సులువైన దారి ముందుంటే అడ్డదారి వెతుక్కోవడం మగబుద్ధి. ఆయన తిన్నగా సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చించే మనిషి దగ్గరికెళ్ళారు. చీకట్లో ఎవరి సీటైనా వెతికి పెడతాడు కాబట్టి అతన్ని అందరూ టార్చిలైటు అనేవారు.

"చూడు టార్చిలైటూ, కొత్త సినిమా శుక్రవారం వస్తుంది. నేను ఆదివారం వస్తాను. ఈలోగా నువ్వు నాకు కథ చెప్పాలి. రోజుకి నాలుగు ఆటలు చూస్తావు కదా!"

"నేను సినిమా ఎక్కడ చూస్తాను సార్? తలుపు చూస్తాను. మొదటి పది నిమిషాలు సీట్లు చూపిస్తా. ఆ తరవాత బయట బండ్ల దగ్గరుంటా. చివర్లో తలుపులు తీయడానికొస్తా. మధ్యలో ఏం జరిగిందో బయటికొచ్చేవాళ్ళ మొహాలే చెబుతాయి."

"మధ్యలో ఏముంటుందయ్యా! ప్రేమించుకుంటారు, కొట్టుకుంటారు. అది నేను నింపుకుంటాలే."

మొదటి ఆదివారం అన్నదమ్ముల సినిమా. ఇన్‌స్పెక్టర్ గారు పేర్లు పడేదాకా మేలుకున్నారు. సాయంత్రం కాఫీ తాగుతూ గొంతు సవరించుకున్నారు.

"తమ్ముడి వేషం బాగుంది. రెండో పాట మాత్రం తేలిపోయింది. నలభై మంది లేచి బయటికెళ్ళారు."

"మనం ముందు నుంచి మూడో వరసలో ఉన్నాం. వెనక తలుపు దగ్గర లెక్క మీకెలా తెలిసింది?"

"కొలతల శాఖ కదే! అంచనా."

"ఊఁ" అంది ఆవిడ. కొట్లో తప్పుడు తూకం రాయి దొరికినప్పుడు కేసు రాయబోయే ముందు ఇన్‌స్పెక్టర్ గారు కూడా సరిగ్గా అలాగే "ఊఁ" అంటారు. ఆ సంగతి ఆ క్షణంలో ఆయనకి తట్టలేదు.

రెండో ఆదివారం దొంగల సినిమా. ఈసారి ఆయన ఇంకాస్త ధైర్యం చేశారు.

"ముగింపు నాకు నచ్చలేదు. ఆ ముసలాయన అన్నట్టు, వెనకటి రోజుల్లో ఇలాంటివి తీసేవాళ్ళు కాదు."

"ఏ ముసలాయన?"

టార్చిలైటు చెప్పిన ముసలాయన ఎవరో ప్రేక్షకుడు, తలుపు దగ్గర విసుక్కుంటూ వెళ్ళినవాడు. ఇన్‌స్పెక్టర్ గారు ఆయన్ని సినిమాలోకి లాగేశారు.

"అదే, సినిమాలో ముసలాయన."

"ఆ సినిమాలో ముసలాయనే లేడండీ."

"అదే కదా లోటు!" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు తొణక్కుండా. ఆవిడ మళ్ళీ "ఊఁ" అంది. తన సమయస్ఫూర్తికి మురిసిపోయి, ఆయన కుర్చీలో వాలి గంటసేపు నిద్రపోయారు.

మూడో సినిమా వంతెన కట్టే ఇంజనీరు కథ. టార్చిలైటు శుక్రవారమే అంతా చెప్పేశాడు. మొదట్లో వంతెనకి కొబ్బరికాయ కొడతారు, చివర్లో వంతెన కూలుతుంది, జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. కడుపు నిండా భోజనం, చల్లటి హాలు, మెత్తటి సీటు. ఇన్‌స్పెక్టర్ గారు పేర్లదాకా కూడా ఆగలేదు.

"ఏమండీ, లేవండి. అయిపోయింది."

కళ్ళు తెరిస్తే దీపాలన్నీ వెలుగుతున్నాయి. హాల్లో నరపురుగు లేదు. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని, ఆయన కాళ్ళు పక్కకి జరపమని సైగ చేస్తోంది.

"జనమేరీ?"

"ముగింపు తట్టుకోలేక గబగబా వెళ్ళిపోయారండీ."

"నిజమే. నాకూ గుండె బరువెక్కింది" అన్నారు ఆయన ఆవులింత మింగుతూ.

ఇంటికొచ్చాక ఆవిడ కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ గారు విజృంభించారు. ఇంజనీరు నిజాయితీ గురించి చెప్పారు. నాసిరకం సిమెంటు అమ్మినవాణ్ణి తనైతే ఏ సెక్షను కింద పట్టుకునేవారో చెప్పారు. వంతెన కూలినప్పుడు తన కళ్ళు ఎలా చెమర్చాయో చెప్పారు.

"మరి ఆ ఇంజనీరు చెల్లెలు చేసింది తప్పంటారా?" అని అడిగింది ఆవిడ.

చెల్లెలు ఉన్నట్టు టార్చిలైటు చెప్పలేదు. అయినా ఇన్‌స్పెక్టర్ గారు వెనకాడలేదు.

"తప్పనను. మాట మీద నిలబడాలనుకుంది. కానీ అన్నయ్యతో ఒక్కమాట చెప్పి ఉండాల్సింది. ఇంట్లో మనుషులు ఒకరికొకరు చెప్పుకోకపోతే వంతెనలే కాదే, అన్నీ కూలిపోతాయి."

"ఎంత చక్కగా చెప్పారండీ!"

ఆవిడ ఇంకా అడిగింది, ఆయన ఇంకా చెప్పారు. అరగంట గడిచింది. తన భార్య ఇంత శ్రద్ధగా వింటుందని, మధ్యమధ్య ఇంత బాగా నవ్వుతుందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలియదు. మాట్లాడుకోవడం ఇంత హాయిగా ఉంటుందా అనిపించింది. చెప్పడానికి సిగ్గేసింది గానీ, ఆ అరగంటలో ఆయనకి కుర్చీ గుర్తుకే రాలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది. గుమ్మంలో టార్చిలైటు, చేతిలో రెండు పాసులు.

"మధ్యాహ్నం పదో నిమిషంలోనే మెషిను కాలిపోయి ఆట ఆగిపోయింది కదా సార్. అందరికీ వచ్చే ఆదివారానికి పాసులిచ్చి పంపేశాం. మీవి మర్చిపోయారు."

ఇన్‌స్పెక్టర్ గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు.

"పదో నిమిషంలోనా?"

"అతను మిమ్మల్ని లేపబోతే నేనే వద్దన్నాను" అంది ఆవిడ. "తరవాత మీ ఏర్పాటంతా చెప్పేశాడు, పాపం."

"ఏం చెయ్యను సార్! అమ్మగారు నా టార్చి లాక్కుని నా మొహం మీదే వేసి అడిగారు."

"మరి రెండున్నర గంటలు ఆ ఖాళీ హాల్లో ఏం చేశావే?"

"మిమ్మల్ని చూశాను. నా అభిప్రాయం చెప్పమంటారా?" అని ఆవిడ సర్దుకుని కూర్చుంది. "మొదటి సగం నెమ్మదిగా నడిచింది. ఇంటర్వెల్ తరవాత గురక ఊపందుకుంది. 'ఈ రాయి యాభై గ్రాములు తక్కువ' అని నిద్రలో ఒక డైలాగు చెప్పారు చూడండి, అది బ్రహ్మాండంగా పేలింది. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు ఆపి మరీ నవ్వారు. ముగింపు నేను ముందే ఊహించాను."

"మొత్తం మీద?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు నేల చూపులు చూస్తూ.

"ఒకసారైతే చూడొచ్చు. పద్దెనిమిదేళ్ళు చూడడమే కష్టం."

టార్చిలైటు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆవిడ అతనికి పడక్కుర్చీ చూపించింది. "పొద్దున్నుంచీ నిలబడే ఉంటావు కదా, తీసుకెళ్ళు. గేటు దగ్గర వేసుకో."

ఏ సెక్షను కిందా అడ్డు చెప్పడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టర్ గారికి తెలుసు. తనే లేచి కుర్చీ మడిచి, ఒక పక్క పట్టుకున్నారు. ఇద్దరూ మోసుకుంటూ మెట్లు దిగుతుంటే టార్చిలైటుని నెమ్మదిగా అడిగారు.

"అసలు ఆ ఇంజనీరుకి చెల్లెలుందా?"

"తలుపు దగ్గర ఎవరూ అనుకోలేదు సార్."

ఆయన మెట్ల మలుపులో ఆగి, పైకి చూసి కేకేశారు.

"ఇదిగో, వచ్చే ఆదివారం మధ్యాహ్నం నాకు భోజనం కాస్త తూకం తగ్గించి వడ్డించు!"