ఐదు చుక్కల పొయ్యి

పేరుకు పెద్ద అడవే గానీ, అందులో ఒక కొత్త ఇల్లు వెచ్చగా ఉండాలంటే సభవారి కాగితం కావాలి.

ఆ కాగితం కోసమే ముసలి ఉడుము నరసాయమ్మ వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం సభ బండ దగ్గర నిలబడింది. కొండవాలు మీద ఆమె కొత్త ఇల్లు కట్టుకుంది. ఉడుము ఒళ్లు అందరి ఒళ్లులాంటిది కాదు. చలి ముదిరితే కొయ్యబారిపోతుంది. పోయిన పుష్యమాసంలో అలాగే బిగుసుకుపోయి పడుంటే, సభ గుమాస్తా నక్క గవరయ్య వచ్చి చూసి, చచ్చిందని రాసేసి, ఆమె పాత బొరియను తన బావమరిది పేర రాయించేశాడు. ఎండ తగిలి లేచాక, తాను బతికే ఉన్నానని నమ్మించడానికి నరసాయమ్మకు మూడు నెలలు పట్టింది. బొరియ మాత్రం తిరిగి రాలేదు. ఆమెకు చదువు రాదు గానీ, పట్టుకుంటే వదలని జాతి. గవరయ్య చేసిన పని కడుపులోనే పెట్టుకుంది.

ఈ ఏడు మళ్లీ బిగుసుకుపోతే ఈ కొత్త ఇల్లూ పోతుంది.

సభవారు ఆ ఏడే కొత్త చట్టం చేశారు. అడవిలో కట్టెలు తరిగిపోతున్నాయి కాబట్టి, కొత్త ఇల్లు కట్టినవాళ్లు తక్కువ కట్టె తినే పొయ్యి పెట్టుకోవాలి. పొయ్యిలను పరీక్షించి చుక్కలు వేస్తారు. ఐదు చుక్కల పొయ్యి లేని ఇంటికి కాగితం లేదు, కాగితం లేని ఇల్లు సభది. పరీక్షలన్నీ వైశాఖంలోనే. చలికాలంలో ఎందుకు పెట్టరని ఎవరో అడిగితే, చలికాలంలో సభ్యులకు చలి వేస్తుందని జవాబు వచ్చింది.

పరీక్ష చేసేవాడు కొండముచ్చు. ఎలుగుబంటి చేసిన రాతిపొయ్యి మోపు కట్టెలు మింగింది, ఒక చుక్క వేశాడు. అడవిపంది మట్టికుంపటి అరమోపుతో సరిపెట్టుకుంది, దానికి మూడు. ఆఖరున గవరయ్య బావమరిది చేసి అమ్మే పొయ్యి వచ్చింది. నున్నగా నిగనిగలాడుతోంది. కట్టె పెట్టడానికి దానికి నోరే లేదు. కొండముచ్చు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, కట్టె ఖర్చు సున్నా అని రాసుకుని ఐదు చుక్కలు వేశాడు. అందరూ తోకలు ఆడించారు.

నరసాయమ్మ దాని మీద పొట్ట ఆనించి చూసింది. ఆ ఎండకు పొయ్యీ కాలుతోంది, కింద బండా కాలుతోంది.

"నాయనా, పుష్యంలో ఇది వెచ్చగా ఉంటుందా?"

"ఆ సంగతి మా కాగితంలో లేదు అవ్వా," అన్నాడు కొండముచ్చు. "ఎంత తింటుందన్నదే మాకు కావాలి."

"ఏమీ తినకుండా పడుండేదాన్ని పొయ్యి అనరు. మొన్న నన్నూ అలాగే చూసి పీనుగన్నారు."

అసలు ఆమె తన ఏర్పాటు తాను చేసుకునే ఉంది. వెనక గదిని చెదలపుట్టకు ఆనించి కట్టుకుంది. లోపల లక్షల చెదలు తీరిక లేకుండా పనిచేస్తుంటే ఆ గోడ ఏడాది పొడుగునా గోరువెచ్చగా ఉంటుంది. ఉడుములు గుడ్లు పెట్టేది అలాంటి గోడ పక్కనే. ఒక్క పుల్ల కూడా అక్కర్లేదు. ఆ మాటే చెప్పి, గోడకు చుక్కలు వెయ్యమంది. గవరయ్య కాగితం అటూ ఇటూ తిప్పి, గోడ పొయ్యి కాదు కాబట్టి కట్టె ఖర్చు గడి ఖాళీగా ఉంచాలనీ, ఖాళీ గడికి చుక్కలు రావనీ తేల్చాడు. మరి మీ బావమరిది సున్నాకు ఎలా వచ్చాయంటే, సున్నా అంకె అనీ, ఖాళీ అంకె కాదనీ, చదువుకున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుందనీ అన్నాడు. చదువుకున్నవాళ్లు అన్న చోట కాస్త నొక్కాడు కూడా.

నరసాయమ్మ ఐదు చుక్కల పొయ్యి తెచ్చి ముందు గదిలో పెట్టించుకుని కాగితం పుచ్చుకుంది. పడక మాత్రం వెనక గదిలో వేసుకుంది.

పుష్యం వచ్చింది. అడవంతా మంచు పేరుకున్న ఒక పొద్దున, గవరయ్య సభ అధ్యక్షుడు దుప్పినీ కొండముచ్చునూ వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చాడు. ముసలిది ఈపాటికి కొయ్యబారి ఉంటుందని, చావు రాసుకోవడానికి కాగితం సిద్ధం చేసుకుని మరీ వచ్చాడు. తలుపు తీసింది నరసాయమ్మే.

"ఏం గవరయ్యా, పీనుగును చూసిపోదామని వచ్చావా? రా, కూర్చో."

గవరయ్య మొహం మాడింది గానీ, వెంటనే సర్దుకున్నాడు. ఇంట్లో ఐదు చుక్కల పొయ్యి ఉంది, ముసలిది తిరుగుతోంది, ఇదంతా పొయ్యి చలవే అన్నాడు. కొండముచ్చు రాసుకున్నాడు. ఆమె గోడ చూపించబోతే ఎవరూ తల తిప్పలేదు. ఈ పొయ్యి వల్లే బతికానని గోరుముద్ర వెయ్యమన్నారు. వెయ్యకపోతే ఇంటి కాగితం రద్దు.

ఆమె ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. అందులో ఒక్క అక్షరం తెలియదు, ఏం రాశారో మాత్రం పూర్తిగా తెలుసు.

"వేస్తాను," అంది దుప్పి వైపు తిరిగి. "కానీ దొరా, ఇంత మంచి పొయ్యి నాబోటి ముసలిదాని ఇంట్లో ఉంటే, సభలో మీరింకా రాతిపొయ్యిలో మోపులకు మోపులు తగలేస్తున్నారు. చూసేవాళ్లు ఏమనుకుంటారు? ముందు దాన్ని పీకించండి. తరవాతే నా గోరు."

అప్పటికే గుమ్మం బయట ఇరుగుపొరుగు మూగారు. కుందేళ్లు న్యాయమే అన్నాయి. అందరి ఎదుటా దుప్పి కొమ్ములు ఊపక తప్పలేదు. సాయంత్రానికల్లా సభలోనూ, సభ్యుల ఇళ్లలోనూ పాతవి పీకేసి ఐదు చుక్కలవి పెట్టారు. బావమరిది ముచ్చటపడి గవరయ్య ఇంట్లో రెండు పెట్టాడు. నరసాయమ్మ ముద్ర వేసింది.

నాలుగో రోజు పొద్దున దుప్పి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. వెనకే కొండముచ్చు. ఊరికే ఇటుగా వచ్చామన్నారు. మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. నరసాయమ్మ ఇద్దరినీ వెనక గదిలోకి పంపింది. వాళ్లు పుట్టగోడకు వీపులు ఆనించి కళ్లు మూసుకున్నారు.

మధ్యాహ్నానికి గవరయ్య దిగాడు. పళ్లు టకటకలాడుతుంటేనే, ఆ గోడ కోసం కొత్త కాగితం తానే తయారు చేస్తున్నానని, ఆరు చుక్కలకు తగ్గకుండా చూస్తానని, ఒక్కసారి లోపలికి పోయి కొలతలు తీసుకోవాలని చెప్పాడు.

నరసాయమ్మ వెనక గది తలుపు దగ్గరికి వేసి, దానికి అడ్డంగా పడుకుంది.

"కొలతలకు తొందరేముంది నాయనా. నువ్వు ముందు గదిలో కూర్చో. మీ బావమరిది సామాను అక్కడే ఉంది, హాయిగా చలి కాచుకో."

గవరయ్య దాన్ని కావలించుకుని కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా అలాగే కూర్చున్నాడు. కట్టె మాత్రం ఒక్క పుల్ల ఖర్చు కాలేదు.

నీతి కావాలనేవాళ్లకు ఇదీ: ఏ పొయ్యి మంచిదో తేల్చుకోవడానికి చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు, చలి ముదిరాక ఆ చుక్కలు వేసినవాళ్లు ఎవరింటికి పరుగెత్తుతున్నారో చూస్తే చాలు.