వేలికి అందిన ప్రగతి

"చూపు లేని పౌరుడికి బొమ్మ చూపించే తొలి ప్రభుత్వం మాదే" అని మంత్రిగారు ప్రకటించిన రోజున లెక్కల టీచరు రేడియో ముందు నుంచి కదల్లేదు. అదే వార్త రెండోసారి వస్తే రెండోసారీ వింది.

ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఏళ్లుగా అంధుల బడిలో లెక్కలు చెబుతోంది. రబ్బరు అట్ట మీద గుండుసూదులు గుచ్చి, వాటికి ఊలు దారం చుట్టి, పిల్లల వేళ్లకు గ్రాఫులు నేర్పింది. పిల్లలు నేర్చుకున్నారు. కానీ పరీక్షలో వాళ్లకు పది మార్కుల గ్రాఫు ప్రశ్న ఉండదు. చూడలేరు కనుక మినహాయించమని పాత ఉత్తర్వు. దాన్ని దయ అంటారు. ఆ పది మార్కులూ రానివాళ్లకు సైన్సు కోర్సులో సీటు ఇవ్వరు. దాన్ని నిబంధన అంటారు.

ఈ ఏడాది పన్నెండు మంది పరీక్షకు కూర్చోవాలి. అందులో ఒకమ్మాయికి సైన్సు తప్ప మరో ధ్యాస లేదు. బడంతా ఆమెను సైన్సమ్మ అనే పిలుస్తుంది.

మంత్రిగారి యంత్రం నిజంగా గొప్పదే. తెర మీద వేలు పెట్టి కదిపితే, గీత తగిలినచోట అద్దం సన్నగా వణుకుతుంది. గీత తప్పితే ఊరుకుంటుంది. ఆ వణుకును పట్టుకుని వేలు గీత వెంట పోవచ్చు. దీనికోసం తొమ్మిది మంది సభ్యుల కమిటీ పదకొండు సార్లు సమావేశమైంది. తొమ్మిది మందీ తెరను కళ్లారా చూసి, అద్భుతమని రాసిచ్చారు. వేలిముద్రలు పడితే ఫొటోల్లో బాగుండదని ఒక్కరూ తాకలేదు. అంతటి క్రమశిక్షణ.

ప్రారంభోత్సవానికి ఒక లబ్ధిదారు కావాలి. శాఖ కార్యదర్శి బడికి ఫోన్ చేసి లెక్కల టీచరును పిలిపించాడు. సభకు గంట ముందే ఆవిడ వేదిక ఎక్కి తెర కోసం చెయ్యి చాచింది.

"తాకకండమ్మా, ఇప్పుడే తుడిపించాం" అన్నాడు కార్యదర్శి.

"ఒక్కసారి అలవాటు చేసుకుంటానండీ."

"సార్ వచ్చాక తాకుదురుగాని. తొలి స్పర్శ అని పేపర్లకు ఇచ్చేశాం."

మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. తన నిరాడంబరత గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ తర్వాత మీట నొక్కి మొదటి గ్రాఫును తెర మీదికి తెచ్చారు. శాఖ సేవలు అందుకున్న అంధులు, అయిదేళ్ల ప్రగతి. అదే గ్రాఫు వెనుక గోడ మీద సభకంతా పెద్దదిగా కనిపించింది. ఎర్రటి గీత ఎడమ పక్క అడుగున మొదలై కుడి పక్క పై మూలకు రివ్వున లేచింది.

టీచరు ఎడమ అంచున అడుగు నుంచి వెతికింది. ఏమీ తగల్లేదు. వేలు పైకి జరిపింది. బాగా పైన అద్దం వణికింది. గీతను పట్టుకుని బయల్దేరింది. రెండో ఏటికి కొంచెం దిగింది. మూడో ఏటికి బాగా దిగింది. అయిదో ఏటికి వేలు అడుగు అంచుకు చేరి ఆగింది. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"గీత పైన ఉందమ్మా" అన్నారు మంత్రిగారు. జనం వైపు తిరిగి, "పాపం, కనబడదు కదా" అని కూడా అన్నారు.

ఆవిడ మళ్లీ మొదటి నుంచి వచ్చింది. మళ్లీ అక్కడికే చేరింది. కార్యదర్శి చొరవ తీసుకుని, ఆవిడ మణికట్టు పట్టుకుని, వేలిని పై మూలకు ఎత్తి పెట్టాడు.

"ఇదిగో, ఇక్కడ. తెలుస్తోందా?"

"ఇక్కడేమీ లేదండీ."

పక్కనున్న ఇంజనీరు గొణిగాడు. "శాఖ ఇచ్చిన అసలు అంకెలే నేను వేలికి తగిలే గీతకు ఎక్కించాను సార్. తర్వాత ప్రచార విభాగం వాళ్లు కంటికి కనిపించే బొమ్మ మాత్రం మార్చారట. నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు ఊరుకోవయ్యా." కార్యదర్శి టీచరు చెవి దగ్గరికి వంగాడు. గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు. "మేడం, మీ పిల్లలకు గ్రాఫు ప్రశ్న ఇమ్మనే ఉత్తర్వు సార్ చేతిలో ఉంది. ఇంకా సంతకం కాలేదు."

మైకు వచ్చి ఆవిడ గడ్డానికి తగిలింది.

"చెప్పు చెల్లెమ్మా, ఎటు పోతోంది మా గీత?"

వేలు ఇంకా పై మూలలోనే ఉంది. దాని కింద అద్దం వణుకు లేకుండా చల్లగా ఉంది. ఆవిడ పన్నెండు మందినీ వరసగా తలుచుకుంది.

"పైకే సార్."

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. "కళ్లున్న ప్రతిపక్షానికి కనిపించని ప్రగతి మా చెల్లెలి వేలికి అందింది" అన్నారు మంత్రిగారు. అక్కడికక్కడే సంతకం పెట్టి ఉత్తర్వు ఆవిడ చేతిలో ఉంచారు.

ఆవిడ మెట్లు దిగుతుంటే వెనుక కార్యదర్శి ఇంజనీరుకు ఏదో చెబుతున్నాడు.

"ఇకమీదట ఎవరి వేలూ కిందికి దిగడానికి వీల్లేదు. అర్థమైందా?"

"ఈ ఒక్క గ్రాఫుకేనా సార్?"

"ఎవరు ఎప్పుడు ఏది తాకుతారో నేను కూర్చుని కాపలా కాయాలా? అన్నిటికీ."

మాటలు చెవిన పడ్డాయి గానీ ఆవిడ మనసంతా కాగితం మీదే ఉంది. నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. బడికి చేరేలోగా మూడుసార్లు తడిమి చూసుకుంది.

పరీక్ష రోజున పన్నెండు యంత్రాలు సీలుతో వచ్చాయి. నిబంధన ప్రకారం హాల్లోనే సీలు తీశారు. కార్యదర్శి స్వయంగా పర్యవేక్షణకు వచ్చాడు. టీచరుకు తలుపు పక్కన కుర్చీ వేశారు. యంత్రం గురించి ఎవరైనా అడిగితే చెప్పవచ్చు, పాఠం గురించి నోరు విప్పకూడదు.

ప్రశ్నను రికార్డు చేసిన గొంతు చదివింది. మేడ మీది నుంచి ఒక ఇటుకను జారవిడిచారు. అది నేలకు ఎంత ఎత్తులో ఉందో గ్రాఫు క్షణక్షణానికీ చూపిస్తుంది. ఇటుక కదలికను వర్ణించండి.

పన్నెండు మంది వేళ్లూ అద్దాల మీద జారాయి.

"టీచర్" అంది సైన్సమ్మ. "యంత్రం గురించే అడుగుతున్నా. దీన్ని పరీక్షించి బాగుందని చెప్పింది మీరే కదా?"

"నేనే."

"ఇటుక పైకి పోతోంది టీచర్."

"ఇంకోసారి చూసుకో."

"నాలుగుసార్లు చూశాను. మేడ దాటి ఇంకా పోతోంది. మీరొకసారి వచ్చి వేలు పెట్టండి."

టీచరు కుర్చీలోంచి సగం లేచింది. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"వేలికి ఏది తగిలితే అదే రాయాలమ్మా" అన్నాడు ఆప్యాయంగా. "ఆ రోజు మీ టీచరుగారు అలాగే చేశారు."

టీచరు మళ్లీ కూర్చుంది. మిగతా పదకొండు మందీ కాగితాల మీద బ్రెయిలీ చుక్కలు పొడవడం మొదలుపెట్టారు.