సగం లేచిన కప్పు

ఆ పొద్దున అక్బర్ లెక్క చాలా సులువైనది. ముందు కారు కొండల్ షెడ్డుకు పోతుంది, కారుతున్న సిలిండరు బాగవుతుంది, పెండ్లి ప్రార్థన ముగిసేలోగా కారు మందమర్రి చర్చి ముందుంటుంది. కరీంనగర్‌లో పెండ్లి కార్లు అద్దెకిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నా, మీట నొక్కితే కప్పు తనంతట తానే లేచి వెనక్కి మడుచుకునే కారు అక్బర్ ఒక్కడి దగ్గరే ఉంది. ఆ కప్పును లేపేవి వెనక సీటుకు అటొకటి ఇటొకటి ఉన్న రెండు సన్నని హైడ్రాలిక్ సిలిండర్లు. వాటిలో ఎడమది ఎర్రటి నూనె కార్చడం మొదలుపెట్టింది.

కొండల్ జేసీబీ సిలిండర్లు విప్పి సీళ్ళు మార్చే మనిషి. ఊడదీసిన సిలిండరును అరచేతిలో పెట్టుకుని నవ్వాడు.

"గిది సిలిండరా, అక్బర్ భాయ్? మా జేసీబీ ముందట బాల్‌పెన్ను లెక్కుంది."

"బాల్‌పెన్నైతే ఏంది, రాస్తే చాలు. సీలు ఉందా?"

"ఉంది. కుడిదాన్ని గూడ విప్పుదామా? గది గూడ జర చెమ్మగున్నది."

అక్బర్ వంగి చూశాడు. కుడిది కారడం లేదు, చెమర్చిందంతే. చెమట పట్టిన ప్రతివాణ్ణీ దవాఖానకు మోసుకుపోతే వ్యాపారం నడుస్తుందా? "చెమ్మకు పైసలు పెట్టుడేంది? కారినదాన్నే చెయ్యి."

"నిజమే తియ్యి. జేసీబీకైతే మేం గట్లనే చేస్తం," అన్నాడు కొండల్. కొత్త సీలు వేసి కప్పును ఒకసారి ఎత్తి దించారు. బాగానే లేచింది. ఎడమది పడుచుదైంది, కుడిది ముసలిదిగానే ఉంది, రెండూ కలిసి ఒకే బరువు మోయాలన్న సంగతి ఆ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

దారి పొడుగునా అక్బర్‌కు అబ్రహాం మాటలే గుర్తొచ్చాయి. అబ్రహాం మందమర్రి బొగ్గు గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. బొగ్గు తవ్వేవాళ్ళ నెత్తి మీద కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. కారు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు బేరం కూడా ఆడలేదు.

"భాయ్‌సాబ్, నా నౌకరంత కప్పు కిందనే గడిచింది. నా బిడ్డ మాత్రం చర్చి కాణ్ణుంచి ఇంటిదాంక మొగులు కింద పోవాలె. గంతే నా కోరిక."

"నాది జబాన్, అబ్రహామన్నా," అన్నాడు అక్బర్. బండి చెడితే ఇంకో బండి పంపవచ్చు. ఆకాశం కింద పోవాలన్న ఈ కోరికకు పంపడానికి ఇంకో బండి లేదు.

చర్చి దగ్గర కప్పు ముందే తెరిచి ఉంచవచ్చు. కానీ ఖాళీ కారు కప్పు తెరిస్తే చూసేదెవరు? జంటను కూర్చోబెట్టి, జనమంతా చూస్తుండగా తెరిస్తే అక్కడికక్కడే నాలుగు బేరాలు కుదురుతాయి. అందుకని అబ్రహాం బిడ్డ ప్రిస్కిల్లాను, పెండ్లికొడుకు ప్రేమ్‌చంద్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టి అక్బర్ మీట నొక్కాడు.

కప్పు లేచింది. జనం నోళ్ళు తెరిచారు. సగం దాకా వచ్చాక కుడి సిలిండరు చేతులెత్తేసింది. కప్పు వంకర తిరిగి, కుడివైపు మెల్లగా కిందికి దిగసాగింది. ప్రేమ్‌చంద్ రెండు చేతులతో దాన్ని ఆపాడు. ఎర్రటి నూనె అతని తెల్లసూటు మీద ధారకట్టింది.

"అయ్యో నెత్తురు! పిల్లగాని తల పలిగింది!" అని అబ్రహాం తల్లి బుచ్చవ్వ కేక పెట్టింది.

"నూనె అవ్వా, నూనె!" అని పెండ్లికొడుకు అరిచాడు గానీ, అతని మాటను బ్యాండు మింగేసింది. ముందున్నవాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు. గేటు దాటేసరికి ఆ కబురు, "కప్పు కూలింది, పిల్లగాడు కింద పడ్డడు" అయింది. గనుల ఊరు మందమర్రిలో ఆ మాట వింటే ఏ కప్పని ఎవరూ అడగరు.

గేటు అవతల భోజనాల పందిట్లో బంతి మీదున్న పాత గని కార్మికులు విస్తళ్ళు వదిలి లేచారు. అబ్రహాంతో కలిసి పనిచేసిన రాయమల్లు చేతికందిన పందిరి గుంజను పీకాడు. మిగతావాళ్ళు తలా ఒకటి పీకారు.

"పీకకుండ్రి! బగారన్నం మీద పడ్తది!" అని వంటాయన సాంబయ్య మొత్తుకున్నాడు. పందిరి ఎవరినీ నొప్పించకుండా, నిదానంగా బగారన్నం మీద పడుకుంది.

వాళ్ళు వచ్చి కప్పును చూశారు. ఇంకేమీ అడగలేదు. ఒకడు కారులో కప్పు కింద గుంజ నిలబెట్టాడు, ఇంకొకడు కింద చెక్క కొట్టాడు.

"అరే, తోలు సీటు! సీటు చిరుగుతది!" అని అక్బర్ అడ్డుపోయాడు.

"సేటూ, నువ్వు జర అవుతలకు జరుగు. కప్పు కింద నిలవడొద్దు," అన్నాడు రాయమల్లు.

అక్బర్ చాటుగా మీట నొక్కి చూశాడు. మోటారు మూలిగింది.

"ఎవడ్రా మిషన్ నడిపేది? సపోర్టు పెట్టేటప్పుడు మిషన్ బంద్!" అని రాయమల్లు గద్దించాడు.

ప్రేమ్‌చంద్ చేతులు దిగాయి. కప్పు ఇక పైకీ పోదు, కిందికీ రాదు. అప్పుడు అబ్రహాం వచ్చాడు. ఏం తిరిగివ్వాలో, ఏం చెప్పి క్షమాపణ అడగాలో అక్బర్ లోపల లెక్క కడుతున్నాడు. పైసలకు లెక్క తేలింది, ఆ కోరికకు తేలలేదు. అబ్రహాం అతని వైపు చూడనైనా లేదు. కారు చుట్టూ తిరిగి, కప్పును వేలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

లోపల నుంచి ప్రిస్కిల్లా అడిగింది. "బాపూ, నువ్వు గనిల చేసేది గిదేనా?"

"గిదే బిడ్డా."

ఆమె తల తిప్పి ఒక్కొక్క గుంజనూ చూసింది. "ఇన్నొద్దులు చేసినవు, నేనొక్కపారి గూడ సూడలే. నడిపియ్యుండ్రి, నేను గిట్లనే పోత. మొగులు రేపు గూడ ఉంటది."

అబ్రహాం కండువాతో మొహం తుడుచుకుని, ఒక గుంజ కింద చెక్కను ఇంకొంచెం బిగించాడు. కారు నడక వేగంతో కదిలింది. గుంజల మీద చేయి వేసి ముసలివాళ్ళు కారుకు రెండు పక్కలా నడిచారు. అక్బర్ తన జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ బండి నడపలేదు.

కరీంనగర్ చేరాక కొండల్‌తో రెండు సిలిండర్లూ విప్పించి సీళ్ళు మార్పించాడు. కప్పు చుక్క కారకుండా వెన్నలా తెరుచుకుంది. తృప్తిగా చూసుకుంటుండగా బెల్లంపల్లి నుంచి ఫోనొచ్చింది.

"మందమర్రి పెండ్లిల చూసినం సేటూ. మా చెల్లె పెండ్లికి గా బండే కావాలె. మా బాపు గూడ టింబర్‌మనే. గుంజలు మేమే తెచ్చుకుంటం, కప్పు మాత్రం సగంల ఆగాలె."

అక్బర్ ఫోను పెట్టేసి కప్పును చూశాడు. తర్వాత కొండల్‌ను పిలిచి, బాగుచేసినందుకు తీసుకున్నది సరే, పాడుచేయడానికి ఏం తీసుకుంటావని అడిగాడు.