దగ్గులేని ఊరు

"ఈ రోజు నుంచి ఈ ఊళ్లో ఏ పసిబిడ్డా దగ్గదు!" అని మంత్రిగారు ప్రకటించేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పేపరు విలేకరిని గనక నాలుగు ఎక్కువ కొట్టాను.

ఉయ్యూరు పక్కనే మా ఊరు. కూలికెళ్లే మార్త ఇంటి వెనక గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. ఇక పొయ్యి పొగ ఉండదు, ఆమె కూతురు మూడేళ్ల వినీలకు దగ్గూ ఆయాసమూ ఉండవు. ఎంత గొప్ప పథకం! మార్తకు గేదె లేదు, అదొక్కటే చిన్న లోటు.

"మరి పేడెక్కడ తేనండీ?" అని అడిగింది మార్త.

స్పెషల్ ఆఫీసర్ దుర్గాశంకర్ గారు చిరునవ్వు నవ్వారు. "గేదె ఫేజ్ టూలో వస్తుందమ్మా. ఇది ఫేజ్ వన్."

ప్రారంభోత్సవానికి ఊరి మోతుబరి వీరభద్రయ్య గారి గేదెను వ్యాన్లో తెచ్చి, దండేసి, ప్లాంటు పక్కన నిలబెట్టారు. మంచం కింద దాచిన సిలిండరుతో స్టవ్ వెలిగింది. మంత్రిగారు నీలిమంట చూసి పులకించిపోతుండగా లోపల వినీల దగ్గింది.

"ఎవరది?"

"గేదె సార్," అన్నారు ఆఫీసర్ గారు. అంతటి సమయస్ఫూర్తి నేనెక్కడా చూడలేదు.

మంత్రిగారి వెనకే సిలిండరూ వెళ్లింది, గేదె కూడా వెళ్లింది. మార్త మళ్లీ ఎండు చెరకాకే పొయ్యిలో పెట్టుకుంది. నేను మాత్రం 'దగ్గులేని ఊరు' అని ఫస్ట్ పేజీ వార్త రాశాను. పట్నంలో బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ లేచింది, ఆఫీసర్ గారికి అవార్డొచ్చింది.

పదిరోజులకు వినీల ఊపిరాడక గిలగిల్లాడింది. తల్లినీ పిల్లనూ నేనే బండి మీద సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాను. సిస్టర్ తెరేసమ్మ కంప్యూటర్లో మా ఊరి పేరు కొట్టి తల అడ్డంగా ఊపింది.

"దగ్గు మందు రాదండీ. మీ ఊరికి దగ్గు తీసేశారు. జ్వరమేమన్నా ఉందా?"

"పిల్ల ఎగరొప్పుతోందమ్మా!" అంది మార్త.

నాకు ఒళ్లు మండింది. "ఎవరు తీసేశారు? ఏమిటి ఆధారం?" అని కేకలేశాను.

ఆవిడ సొరుగులోంచి ఆర్డరు కాగితం తీసి చూపించింది. దానికి పిన్ను కొట్టిన పేపరు కటింగ్. కింద నా పేరు.

"ఈ వార్త అబద్ధమని ఎవరైనా రాసి సంతకం పెట్టండి. మందు ఇప్పుడే ఇచ్చేస్తాను," అంది తెరేసమ్మ.

మార్త నా వైపు తిరిగింది. "నాకు రాయడం రాదు. మీకొచ్చు గదండీ, ఒక్క ముక్క రాసియ్యండి."

చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"పెన్ను మర్చిపోయొచ్చానమ్మా," అన్నాను.